గడి డాబా మీద దక్షిణం మూల

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల మల్లెచెట్టుకు నీళ్ళు పోస్తుంటే ఫోను మోగింది. పాత కట్టడాలు కాపాడే మా శాఖల కొత్తగ చేరిన ఇంజనీరు. మాట మంచిగున్నది, మర్యాద ఉన్నది, కానీ మనిషికి తొందర ఎక్కువ.

"సార్, గోదారి ఒడ్డు గడి పని మీరే చేసిన్రంట గదా. డాబా మీద దక్షిణం మూలకు నీళ్ళ ట్యాంకు పెడుతున్నం. బోల్టులకు నాలుగు బొక్కలు కొట్టాలె. స్లాబు మందమెంతనో కాగితాలల్ల దొరుకుతలేదు."

"అది స్లాబు కాదు తమ్మీ," అన్న. "డ్రిల్లు పట్టుకున్న మనిషి ఇప్పుడు యాడున్నడు?"

"మీదనే ఉన్నడు సార్."

"జల్దీ కిందికి దింపు!"

నా గొంతు ఎంత పెద్దగ లేసిందో ఏమో, వంటింట్ల నుంచి మా ఆమె తొంగి చూసింది. పాపం తమ్ముడు కూడ జడుసుకున్నడు. ఎందుకు సార్ అని మెల్లగ అడిగిండు. ఇది ఫోన్ల ఒడిసే ముచ్చట కాదు, రాసి పంపుత, అప్పటిదాంక ఆ మూల ముట్టకు అని మాట తీసుకున్న.

ఇదిగో, రాస్తున్న. ఈ పనిలకు వచ్చే మిగతా పిల్లలు కూడ చదువుకుంటే చదువుకోండ్రి. నాకు ఏ ఏట ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువ కప్పిన్రు, గవన్ని రాయ. వాటితోని మీకు పని లేదు. నిజం చెప్పాలంటే నాకు కూడ లేదు.

ఊకె కూసున్న మూడు దినాలు

మాది తిరుమలాయపాలెం దిక్కు ఊరు. ఇంట్ల ఎవుసం. డిప్లొమా చదివి ఉద్యోగంల చేరితే మొదటి పని నేలకొండపల్లి బౌద్ధ దిబ్బల కాడ పడ్డది. అక్కడ నర్సింహులు అని ఒక ముసలి మేస్త్రి ఉండె. కాగితం మీద నేను ఆయనకు పై అధికారిని. అసలుకు ఆయనే నాకు పెద్ద.

నన్ను తీస్కపోయి ఒక పాత ఇటుక గోడ ముందట కూసోబెట్టిండు. "చూడు సారూ," అన్నడు. ఏం చూడాలె అంటే చెప్పడు. ఒక దినం చూసిన, రెండు దినాలు చూసిన. మూడో దినం నాకు మండింది. నేను చదువుకున్నోన్ని, నన్ను ఎండల కూసోబెట్టి ఈయన నీడకు బీడీ తాగుతుండు! నాలుగో దినం వచ్చి అడిగిండు, "ఈ గోడ యాడ నీళ్ళు తాగుతుంది?" తెల్వదన్న. "అయితే ఇయ్యాల కూడ కూసో," అని పోయిండు.

అంత కోపమొచ్చింది గానీ, తర్వాత ముప్పై ఏండ్లల్ల అంతకంటె మంచి పాఠం నాకు ఎవరు చెప్పలే. పాత కట్టడం పనిల సగం పని చూసుడే. చెయ్యి పెట్టుడు తర్వాత. ఇప్పుడు మీరు వచ్చిన నాడే ఫోటోలు తీసుకొని, మర్నాడే గోడ చెక్కుతున్నరు. తిట్టుతున్న అనుకోకండ్రి. నేను కూడ అదే చేసిన, అందుకే చెప్తున్న.

ఆ గడి

గోదారికి అవతల దుమ్ముగూడెం. ఒకప్పుడు అవతలి ఒడ్డు ఇంగ్లీషోళ్ళది, ఇవతలి ఒడ్డు నిజాంది. ఇవతల, అడివి అంచున ఒక ఊర్ల దొర గడి ఉన్నది. ఊరి పేరు రాయను, దొర పేరు అసలే రాయను. ఆయన మనుమలు ఏ పాపం తెలువని మనుషులు, గడిని సర్కారు చేతిల పెట్టి దండం పెట్టి పోయిన్రు.

రెండంతస్తులు. నడుమ ఆకాశం కనపడే వాకిలి, చుట్టు టేకు స్తంభాలు, ఒక మనిషి అడ్డంగ పండుకుంటే సరిపోయేంత మందం గోడలు. కింది అంతస్తు పాతది, దొర తాత కట్టించిండు. పై అంతస్తు, దాని మీది డాబా ఆఖరి దొర కాలంల లేసినయి. టేకు ఈ అడివిదే. సున్నం గోదారి గుల్లలది. ఆ గుల్లలు ఏరింది, కాల్చింది, మోసింది చుట్టు గూడేల కోయోళ్ళు. అంత వెట్టి. కూలి లేదు, అడిగే ధైర్యం లేదు. గడి ముందటికెల్లి పోయేటోడు ఎవడైనా చెప్పులు విప్పి చేతిల పట్టుకోవాలె. లోపల పని ఉంటే ఎనక దొడ్డి దర్వాజే, అండ్ల కూడ నడుం వంచితెనే దూరుతరు.

నేను పోయేటప్పటికి, రెండువేలు దాటినంక మొదటి ఏండ్లల్ల, గడి గబ్బిలాలకు మేకలకు ఇల్లయింది. గోడలల్ల రావి మొలకలు, మెట్ల మీద మేకల పెంట. అయినా మూడు జాములు దాటినంక పై గది రంగు అద్దాలల్ల నుంచి ఎండ దిగి నేల మీద ఎరుపు, పచ్చ, నీలం పరుచుకునేది. వాన పడితే పాత టేకు వాసన లేసేది. ఆ గడి ఎవరి చెమటతోని కట్టిన్రో ఎరుకై కూడ నాకు అదంటే పానం. ఈ రెండు సంగతులు ఒక మనిషిలనే ఎట్ల ఉంటయో నాకు ఎన్నడు అర్థం కాలే. మీకు కూడ అట్లనే అయితది, సిగ్గు పడకండ్రి.

నేను చేసిన బేకార్ పని

మా పెద్ద సారు హైదరాబాదు నుంచి వచ్చేది. చెడ్డ మనిషి కాదు. పనిమంతుడు, కింది వాళ్ళను పదిమందిల తిట్టడు, గది లోపలికి పిలిచి తిడుతడు. కానీ ఆయనకు అన్ని నిన్ననే అయిపోవాలె.

గోడల పని సత్తార్ మేస్త్రి చేతిల పెట్టిన. ఖమ్మం మనిషి, అరవై దాటినయి, తాతల నుంచి సున్నం పని. గుల్ల సున్నం గుంతల నానబెట్టి, ఎడ్లను కట్టి గానుగల నూరి, కరక్కాయ నీళ్ళు బెల్లం నీళ్ళు కలిపి, గోడలను బంగారం లెక్క తయారు చేసిండు. మొదటి ఏడు అట్ల గడిచింది. రెండో ఎండాకాలం, పాడైన పాత డాబా పీకి కొత్తగ ఏద్దామని మీదికి వచ్చినం.

తమ్మీ, నువ్వు స్లాబు అన్నది దీన్నే. వాసాల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద ఇటుక కంకర సున్నం కలిపి జానెడు ఎత్తు పరుస్తరు. తర్వాత చిన్న చిన్న కట్టె చెక్కలతోని, కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుకుంట, దినాల తరబడి కొడుతరు. జానెడు పోయి బెత్తెడు అయ్యేదాంక కొట్టాలె. అండ్ల ఇనుము లేదు, సిమెంటు లేదు. కొట్టిన దెబ్బే దాని బలం.

సత్తార్ మేస్త్రి ముందే చెప్పిండు. "సాబ్, దీనికి ఆడోళ్ళు కావాలె. పాట కావాలె."

"పాటకు సున్నానికి ఏంది మేస్త్రీ సంబంధం?" అని నవ్విన.

రోడ్డు పని చేసే మగోళ్ళను ఇరవై మందిని పిలిపించిన. కండలు తిరిగిన మనుషులు. జల్దీ అయితది అనుకున్న. పొద్దుగాల ఒక్కొక్కడు పిడుగు పడ్డట్టు కొట్టిన్రు, పగటేళకు చేతులు వాలేసిన్రు. బలమున్నోడు కొట్టిన కాడ గుంత, అలిసినోడు కొట్టిన కాడ గుట్ట. నాలుగు దినాలకు డాబా అంత సన్నటి పగుళ్ళు. నీళ్ళు పోసి చూసినం. పొద్దు గూకక ముందే కింద రంగు అద్దాల గదిల బొట్టు బొట్టు కారబట్టింది.

పెద్ద సారు వచ్చి చూసిండు. గది లోపలికి పిలిచిండు. "ఇదంత పీకేసి సిమెంటు స్లాబు పోద్దామయ్యా. ఎన్ని దినాలు ఈ చాదస్తం?"

"సార్, ఆ బరువు వాసాలు మోయవు. ఇయ్యాల కాకుంటే పదేండ్లకు గడి కూలుతది."

"అయితే మిరుగు కార్తె లోపల చేసి చూపెట్టు. మొదటి వానకు ఒక్క చుక్క కారినా నేను స్లాబే పోపిస్త."

మిరుగుకు నెలన్నర కూడ లేదు. బయటికి వచ్చి సత్తార్ మేస్త్రి పక్కన కూసున్న. "మేస్త్రీ, తప్పైంది. పాట ఎందుకో చెప్పు," అన్న. ఆయన ఎక్కిరిస్తడనుకున్న, ఎక్కిరియ్యలే. పాట ఉంటే ముప్పై చేతులు ఒక్క చెయ్యైతయంట. బలమున్న చెయ్యి పాట దాటి ఉరకది, అలిసిన చెయ్యి పాట అయ్యేదాంక ఆగది. డాబా అంతట ఒకటే దెబ్బ పడుతది. ఎన్ని పాటలకు ఒక వరుస అయితదో పాడే మనిషికే ఎరుక. మా పుస్తకాలల్ల ఈ లెక్క యాడ లేదు.

"ఆ పాట తెలిసినోళ్ళు ఉన్నరా మరి?"

"ఒకామె ఉన్నదంట సాబ్. కానీ ఆమె గడి దిక్కు తిరిగి కూడ చూడదంట."

ఎర్రమ్మ షరతు

ఆమె పేరు ఎర్రమ్మ. గడికి రెండు కోసుల అవతల గూడెం. మేం పోయేటప్పటికి ఇంటి ముందట ఇప్పపూలు ఎండబోస్తుంది. డెబ్బై ఏండ్లుంటయి. బక్క మనిషి, కానీ చూపు సూటిగుంటది. గడి పేరు ఎత్తంగనే "నేను రాను" అన్నది.

"అవ్వా, ఇప్పుడు దొర లేడు. గడి సర్కారుది."

"అవ్ సారూ, దొర లేడు. మిద్దె ఉన్నది గదా."

మల్ల పూలు తిరగేసుకుంట కూసున్నది. రెండోసారి పోయిన, మంచినీళ్ళిచ్చి తోలేసింది. మూడోసారి పోయి నేను ఏం అడగలే. నర్సింహులు మేస్త్రి గుర్తుకొచ్చిండు. ఊకె కూసున్న. శానసేపటికి ఆమెనే మొదలుపెట్టింది.

"మా అక్క ఉండె. జోగమ్మ. నాకంటె ఆరేండ్లు పెద్దది. ఆ మిద్దె మీది డాబా కొట్టేటప్పుడు మా అమ్మ, అక్క, నేను, ముగ్గురం పోయినం. నేను చిన్నపోరిని, నీళ్ళు చల్లేటిదాన్ని. కొట్టేటోళ్ళు వరుసల కూసొని ఎనుకకు ఎనుకకు జరుగుతరు సారూ, నీకెరుకనే గదా. అక్కకు జరం. ఇంటికి పోనియ్యమని అమ్మ కాళ్ళు మొక్కింది, దొర మనిషి ఇనలే. అక్క దక్షిణం మూలన వరుస కొసకు కూసున్నది. పిట్టగోడ ఇంక కట్టలే. జరుగుతా జరుగుతా పోయి కింద పడ్డది."

ఆమె చెయ్యి పూల మీదనే ఆగింది.

"దిగబోతే దిగనియ్యలే. సున్నం ఎండుతది, పాట ఆపొద్దు అన్నడు. మా అమ్మ పాడుకుంటనే ఏడ్చింది. పొద్దు గూకినంక దిగి చూసినం. అక్క అప్పటికే లేదు."

పక్కన సత్తార్ మేస్త్రి తల వంచుకున్నడు.

"ఏ కాగితం మీద అక్క పేరు రాయలే సారూ. ఇగ ఆడోళ్ళే ఆ పాటల కలుపుకున్నరు. ఇప్పుడు దాని పేరు ఆ పాటల తప్ప యాడ లేదు. ఆ పాట డాబా మీద తప్ప పాడం. డాబాలు ఎవరు కొట్టిస్తున్నరు ఇప్పుడు? నేను పోతే పాట పోతది, పాట పోతే అక్క పోతది."

నా మొఖం దిక్కు చూసింది. "వస్త. ముప్పై మందిని తోలుకొస్త, నేర్పుత. కానీ ముందటి దర్వాజకెల్లి వస్తం. చెప్పులు ఏసుకొని వస్తం."

"రండ్రి అవ్వా. ఎవడు ఆపుతడో నేను చూస్త."

"ఇంకొకటి. పని అయినంక మీరు పేర్లు రాసి రాయి పెడతరు గదా. అండ్ల మా అక్క పేరుండాలె."

"ఉంటది. జిమ్మ నాది, మాటిస్తున్న," అన్న.

ఎంత సులువుగ అన్ననో ఇప్పటికి చెవులల్ల ఇనపడుతది.

తొమ్మిది దినాలు

మర్నాడు పొద్దు పొడవంగనే ముప్పై మంది వచ్చిన్రు. ఎర్రమ్మ ముందట. పెద్ద దర్వాజ గడప కాడ ఆగింది. కిందికి తన కాళ్ళ దిక్కు చూసుకుంది. రబ్బరు చెప్పులు, ఒకదానికి పట్టీ తెగితే తీగ కట్టి ఉన్నది. ఒక్క అడుగు లోపలికి ఏసింది, ఎనక ఉన్న ఆడోళ్ళు కిసుక్కున నవ్విన్రు. "నడువుండ్రి, ఏంది ఇకిలింపు," అని కసిరింది గానీ ఆమె మొఖం కూడ నవ్వుతుంది.

మగోళ్ళు కొట్టింది మేం అప్పటికే పీకి పారేసినం. డాబా ఎక్కంగనే ఎర్రమ్మ సక్కగ దక్షిణం మూలకు పోయి కూసున్నది, మాకు ఈపు చేసి. ఒళ్ళె చిన్న బట్ట మూట. ఏం చేస్తుందో చూద్దామని నేను కదిలితే సత్తార్ మేస్త్రి చెయ్యి పట్టుకున్నడు. "మొక్కుకుంటుందేమో. ఉండనీ సాబ్." శానసేపైనంక మొదటి గంప సున్నం తనే ఆ మూలన పోసింది. చెక్కతోని కొట్టలే, అరచెయ్యితోని మెల్లగ అదిమింది.

నేను ఇంజనీరును గదా, ఊకుంటనా? "అవ్వా, ఆడ జర గట్టిగ కొట్టాలె, నీళ్ళు దిగుతయి," అన్న.

"ఆ మూల నాకు ఇడిసిపెట్టు సారూ," అన్నది. ఇడిసిపెట్టిన.

ఇగ ఆ తొమ్మిది దినాలు! నా ఉద్యోగం మొత్తంల దేవుడు ఏవైనా కొన్ని దినాలు తిరిగిస్తా అంటే అవే అడుగుత. ముప్పై చెక్కలు ఒక్కసారి లేసి ఒక్కసారి పడేటియి. ఎర్రమ్మ ఒక మాట ఎత్తుకునేది, ముప్పై గొంతులు అందుకునేటియి. కోయ మాటలు నాకు తెలువయి. గూడెం పిల్ల ఒకామె తెలుగుల చెప్పింది: మెల్లగ కొట్టు చెల్లె, మెల్లగ కొట్టు, జరం మీద పండుకున్నది జోగమ్మ, లేపకుండ కొట్టు. అర్థం తెలిసినంక ఆ పాట ఇనుకుంట నిలబడుడు నాతోని కాలే. పైపని ఉన్నట్టు మెట్లు దిగి పోయేటోన్ని.

కానీ వాళ్ళు దినమంత ఏడుసుకుంట కూసుంటరా? పాటకు పాటకు నడుమ ఒకటే పరాచికాలు. ఒకనాడు నేను కూడ చెక్క పట్టి కూసున్న. పది దెబ్బలకే అరచెయ్యి పొక్కింది. "సారు చెయ్యి పెండ్లిపిల్ల చెయ్యి, మైదాకు పెట్టండ్రే!" అని ఒకామె అంటే డాబా దద్దరిల్లింది. పగటేళ వాళ్ళ జొన్న అంబలి నాకింత పోసేది, తునికి పండ్లు ఒళ్ళె పోసేది. మా ఇంటి నుంచి వచ్చిన టిఫిను డబ్బా సత్తార్ మేస్త్రి మనుమనికి పోయేది.

తొమ్మిదో దినం ఎర్రమ్మ డాబా అంత తిరుగుకుంట చెక్కతోని తట్టి చెవి పెట్టి ఇన్నది. చెక్క ఎగిరి పడుతుంది, కంచు మోగినట్టు మోగుతుంది. "అయింది," అన్నది. అంతే.

మిరుగు వాన పడ్డ నాడు పెద్ద సారు, సత్తార్ మేస్త్రి, నేను రంగు అద్దాల గదిల నిలబడి మీదికి చూసుకుంట ఉన్నం. బయట గోదారి కనపడనంత వాన. గంట గడిచింది, రెండు గంటలు గడిచినయి. ఒక్క చుక్క లేదు. సత్తార్ మేస్త్రి కండ్లు తుడుసుకున్నడు. పెద్ద సారు నా భుజం తట్టి, "శభాష్," అన్నడు. ఆ శభాష్ ఎవరిదో ఎరుకై కూడ జేబుల ఏసుకున్న.

రాయి మీద పేరు

ప్రారంభానికి శిలాఫలకం రాయాల్నని పేర్ల చిట్టీ అడిగిన్రు. ఆఖరి వరుసల జోగమ్మ అని రాసి పంపిన. పెద్ద సారు గది లోపలికి పిలిచిండు.

"ఎవరయ్యా ఈమె?"

చెప్పిన. మొత్తం చెప్పిన. ఆయన ఇన్నడు, బాధపడ్డడు కూడ. అబద్ధమెందుకు చెప్పాలె. కానీ చివరికి అన్నడు, "మంత్రిగారొస్తున్నరు. దొర మనుమలు ముందు వరుసల కూసుంటరు. వాళ్ళ ముందట ఈ ముచ్చట ఎందుకు? తీసెయ్యి."

నేను "సరే సార్" అన్న.

భయపడి అన్న అంటే కొంచెం గౌరవంగ ఉంటది. భయం కాదు. అలవాటు. అన్ని ఏండ్ల ఉద్యోగంల ఆ రెండు మాటలు నాలుక మీదనే ఉంటయి, ఆలోచన కంటె ముందు బయటికొస్తయి. తమ్మీ, నువ్వు కొత్తోనివి, నీ నాలుకకు ఇంక అంటుకోలే. ఒక్క నిమిషం ఆగి అను. అంతే నేను చెప్పేది.

ప్రారంభం నాడు పూల దండలు, మైకులు, ఫోటోలు. ఎర్రమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది. అందరు భోజనాలకు పోయినంక రాయి కాడికి నన్ను పిలిచింది. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టి ఒక్కొక్క వరుస తడుముకుంట కిందికి దిగింది. ఆఖరి వరుస మీద వేలు ఆపి నా దిక్కు తిరిగింది.

"ఇదేనా సారూ?"

ఆ వరుసల ఉన్నది నా పేరు. జోగమ్మ పేరు తీసిన కాడ ఖాళీగ ఉంటే బాగుండదని నాదే చెక్కించిన్రు.

"అవ్ అవ్వా," అన్న.

ఆమె కొంగుతోని ఆ వరుస మీది దుమ్ము తుడిచింది. వేలు కండ్లకు అద్దుకుంది. "మా అమ్మ ఉంటే ఎంత సంబురపడునో," అన్నది. నాకు భూమి పగిలి లోపలికి పోతే బాగుండు అనిపించింది. ఆనాడు అన్నం ముట్టలే. ఉద్యోగంల శాన తప్పులు చేసిన. కొలతలు తప్పిన, గోడలు పాడుచేసిన. అవన్ని మల్ల సక్క చేసుకున్న. ఇదొక్కటి కాలే.

మొక్కు

తర్వాత నేను ఆ దిక్కు పోలే. తనిఖీ పడితే వేరేవాళ్ళను తోలిన. రిటైరయ్యే ఏడు, ఇగ మనసు ఆగక పోయిన. గడి మంచిగున్నది, డాబా చెక్కుచెదరలే. అక్కడి నుంచి సక్కగ ఎర్రమ్మ గూడేనికి నడిచిన. ఆమె మంచంల ఉన్నది. పక్కన మనుమరాలు కూసొని ఉన్నది, పది దాంక చదివిన పిల్ల.

"అవ్వా, నీకొక మాట చెప్పాలె," అని మొదలుపెట్టిన. రాయి మీద జోగమ్మ పేరు లేదు, నేను అబద్ధమాడిన అని చెప్పిన.

"ఎరుకే," అన్నది.

"ఏంది?"

"ఆ యేడే ఇది చదివి చెప్పింది," అని మనుమరాలి దిక్కు చూపెట్టింది. "ఆడ ఉన్నది సారు పేరే అవ్వా అని చెప్పింది. ఆ దినం మస్తు ఏడ్చిన. నిన్ను మస్తు తిట్టిన సారూ."

"మరి మనిషిని పంపి నా మొఖం మీద అడగకపోతివి?"

"అడిగితే నీకే తకలీఫ్. నాకేంది?" కొద్దిగ నవ్వింది. "నీ మాట నమ్మి డాబా ఎక్కిననుకున్నవా? గడి మీద రాసే పేర్లు గడోళ్ళయే ఉంటయి, నాకు తెల్వదా? ఉంటే మంచిగుంటదని అడిగిన. మొదటి దినం మూట తెచ్చిన చూడు, అండ్ల అక్క కాలి కడియం ఉండె. కంచుది. మా అమ్మ దాసి నాకిచ్చి పోయింది. ఆ మూలన పెట్టి దాని మీద సున్నం పోసిన. ఆ తొమ్మిది దినాలు మేం పాడింది దానికే. అక్క డాబా మీదనే ఉన్నది సారూ. దాన్ని ఇంక ఎవరు కింద పడెయ్యరు."

నేను ఏడ్చిన. ఆమె ముందట, ఆ పిల్ల ముందట, సిగ్గులేకుంట ఏడ్చిన. ఎర్రమ్మ కొద్దిసేపు ఏడ్వనిచ్చి, నా చెయ్యి తట్టింది.

"ఊకో సారూ. నేను ఆనాడు నీ పేరుకు మొక్కిన గదా. నువ్వు పోయి మా అక్కకు మొక్కి రా. సరిపోతది."

ఎనుకకు మళ్ళి గడికి పోయిన. డాబా ఎక్కి, దక్షిణం మూలకు పది అడుగుల దూరంల చెప్పులు విప్పిన. పోయి ఆ మూలన నుదురు ఆనిచ్చి మొక్కిన. ఎండకు డాబా కాలుతుంది.

ఎర్రమ్మ ఆ యేడే పోయింది. పాట ఆ మనుమరాలికి వస్తదో రాదో నేను అడగలే. నువ్వు అడుగు తమ్మీ, ఆ పిల్ల ఇప్పుడు ఆ ఊరి బడిలనే పని చేస్తుంది.

ట్యాంకు డాబా మీద కాదు, కింద ఎనక దొడ్డిల గద్దె కట్టి పెట్టుకో. మోటరు జర ఎక్కువ సేపు నడిచినా ఏం కాదు. పై సారు డాబా మీదనే అంటే మాత్రం "సరే సార్" అనకు. ఎందుకు అని అడిగితే ఈ కాగితాలు చూపెట్టు, డ్రాయింగు ఇదే అని చెప్పు. మీదికి పోయినప్పుడు నేను ఆ మూల కాడ చెప్పులు విప్పుత. నిన్ను విప్పమని చెప్ప, నీ ఇష్టం.

రాయి మీద రాయలేని పేరు ఈ కాగితం మీదన్న రాసిన. జోగమ్మ. వరుస కొసకు కూసున్నది, దక్షిణం మూల.